ఎర లేని గాలంతో వైజాగ్ కాలనీ నుంచి జూరాల దాకా

పోయిన ఏప్రిల్‌లో వైజాగ్ కాలనీ ఒడ్డున నిలబడి, రెండు గంటల పాటు చెయ్యి నొప్పి పుట్టేలా రాడ్ తిప్పాక అర్థమైంది, నేను కొన్న ఫ్లై ఫిషింగ్ సామాను మా నీళ్ళకు పనికిరాదని. పేరు చూసి సముద్రం అనుకోకండి. ఇది నల్లగొండ జిల్లా నేరెడుగొమ్ము మండలంలో, నాగార్జునసాగర్ వెనక జలాల పక్కన ఉన్న చిన్న ఊరు. దేవరకొండ మీదుగా వెళ్ళాలి. ఆదివారం వచ్చిందంటే హైదరాబాద్ కార్లతో నిండిపోతుంది. అప్పుడే పట్టిన చేపను ఇళ్ళల్లోనే పులుసు పెట్టి, వేపుడు చేసి భోజనం పెడతారు. తిండికి నేను పదికి తొమ్మిది వేస్తాను. గాలం వేయడానికి మాత్రం ఆదివారం వెళ్ళకండి. పాటల హోరు, నీళ్ళల్లో పిల్లలు. వెనక్కి విసిరే గాలంతో అక్కడ నిలబడాలంటేనే భయం.

వెనక్కి ఎందుకు విసరాలి అంటారేమో. మామూలు గాలంలో సీసం గుండు బరువు దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో ఎర ఉండదు, గుండు ఉండదు. ఈకలు, దారాలు కట్టిన చిన్న గాలం ఉంటుంది, దానికి బరువే లేదు. బరువంతా లావుపాటి లైన్‌లో ఉంటుంది. ఆ లైన్‌ను ముందు వెనక్కి ఎగరేసి, అది గాల్లో పూర్తిగా చాచుకున్నాక ముందుకు వదలాలి. అంటే ముందుకు ఎంత దూరం విసరాలో, వీపు వెనక దాదాపు అంత ఖాళీ కావాలి. మన దగ్గర చెరువు ఒడ్డున వీపు వెనక ఏముంటుంది? సర్కారు తుమ్మ.

ఆ రోజు నా దగ్గర ఉన్నది 5 నంబర్ కిట్. ఈ నంబర్ రాడ్ పొడవుది కాదు, అది వేయగలిగే లైన్ బరువుది. లైన్ మొదటి 30 అడుగులు తూస్తే 5 నంబర్‌ది 140 గ్రెయిన్లు, అంటే 9 గ్రాముల చిల్లర. 7 నంబర్‌ది 185 గ్రెయిన్లు, దాదాపు 12 గ్రాములు. మూడు గ్రాములకే ఇంత తేడానా అనిపిస్తుంది. సాగర్ నీళ్ళ మీద మధ్యాహ్నం గాలి లేచాక అనిపించదు. 5 నంబర్ కశ్మీర్, హిమాచల్ వాగుల్లో ట్రౌట్ అనే చలి నీళ్ళ చేపకి చక్కగా సరిపోతుంది. దాంతో నేను కొర్రమీను కోసం కప్ప ఆకారంలో ఉన్న ఫోమ్ పాపర్‌ను, అంటే నీళ్ళ మీద తేలుతూ చప్పుడు చేసే గాలాన్ని, విసరబోయాను. సగం దూరం కూడా పోకుండా నా టోపీ మీదే వాలింది.

దానికి మించిన తప్పు లైన్‌ది. చలి నీళ్ళ కోసం చేసిన లైన్ అది. ఏప్రిల్ ఎండకు మెత్తబడి, చేతికి అంటుకుంటూ, ఉడికిన సేమియాలా తయారైంది. రాడ్ రింగుల్లోంచి జారితే కదా ముందుకు పోయేది. అమ్మిన షాపులో "ఏ నీళ్ళల్లో వేస్తారు, ఏ నెలలో వేస్తారు" అని ఒక్క మాట అడగలేదు. నేనూ చెప్పలేదనుకోండి. పద్నాలుగు వేలు పెట్టి బాక్సు మీది బొమ్మ చూసి కొన్నాను. ఆ బొమ్మలో మంచుకొండలున్నాయి. అప్పుడైనా తట్టాల్సింది.

వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన చాలాసేపు చూసి, "గా ఈకను చూసి చేపొస్తదా సారూ? ఎర్రను గుచ్చరాదు" అన్నాడు. మా బామ్మర్ది అప్పటినుంచి దాన్ని ఊతపదం చేసుకున్నాడు.

ఈ ఫిబ్రవరిలో మళ్ళీ బయల్దేరాం, వాడూ నేనూ. ఈసారి 9 అడుగుల 7 నంబర్ రాడ్, నాలుగు ముక్కలది. దానికి ఉష్ణ ప్రాంతాల కోసం చేసిన తేలే లైన్. ఒక్క లైన్‌కే ఐదు వేలు దాటింది. మీ దగ్గర డబ్బు తక్కువుంటే రాడ్ మీద తగ్గించుకోండి, రీల్ మీద ఇంకా తగ్గించుకోండి, లైన్ మీద మాత్రం వద్దు. రీల్ పని మన దగ్గర చాలావరకు లైన్ దాచుకోవడమే. కొర్రమీను పడితే అది తుంగలోకి, తామర తీగల్లోకి దూరకముందే చేత్తో లైన్ లాగి బయటికి తేవాలి, రీల్ తిప్పే టైం ఉండదు. ఖరీదైన డ్రాగ్ (చేప లాగుతుంటే లైన్‌ను ఆపే బ్రేకు) ఉన్న రీల్ దూరం పరుగెత్తే పెద్ద చేపకు కావాలి. మన రిజర్వాయర్లలో అలా పరుగెత్తేవి బొచ్చె, రవ్వ. బొచ్చె పైపై నీళ్ళల్లో సన్నటి జీవులను వడగట్టుకు తినే చేప, రవ్వ ఎక్కువగా నాచు మేసేది. ఈకల గాలం వాటికి అక్కర్లేదు.

డిండి రిజర్వాయర్‌కు వెళ్ళే ముందురోజు రాత్రి దారిలో ఒక లాడ్జిలో దిగాం. రాడ్ పెట్టుకున్న గొట్టం చూసి కౌంటర్ దగ్గరాయన "తుపాకా?" అని అడిగాడు. విప్పి చూపించాక కూడా ఆధార్ కార్డు రెండుసార్లు చూశాడు. గది సంగతి చెప్పుకోవాలంటే, వేడినీళ్ళు ఉంటాయని చెప్పి బకెట్‌కు ముప్పై రూపాయలు వేరే తీసుకున్నారు, దుప్పటి నిన్నటిది. తెల్లవారి నాలుగున్నరకే లేచేవాళ్ళకు అంతకన్నా అక్కర్లేదు కాబట్టి గొడవ పెట్టుకోలేదు. కుటుంబంతో మాత్రం దిగలేం.

డిండి రిజర్వాయర్ హైదరాబాద్–శ్రీశైలం రోడ్డు మీదే ఉంది. కృష్ణలో కలిసే డిండి వాగు మీద కట్టింది. చాలామంది శ్రీశైలం పోతూ కారు ఆపి, ఫోటో దిగి వెళ్ళిపోతారు. నాకు మొత్తం యాత్రలో ఇదే నచ్చింది, దానికి కారణం ఫిబ్రవరి. వానలయ్యాక నిండుగా ఉన్నప్పుడు నీళ్ళు తుమ్మ చెట్ల మొదళ్ళ దాకా వస్తాయి, వెనక్కి విసిరే దారే ఉండదు. ఎండలు మొదలై మట్టం దిగాక నీటికీ చెట్లకూ మధ్య యాభై అరవై అడుగుల ఖాళీ నేల తేలుతుంది. అయితే ఆ నేల నిండా పల్లేరు కాయలు. ఫ్లై ఫిషింగ్‌లో లాగిన లైన్ కాళ్ళ దగ్గర కుప్ప పడుతుంది, పల్లేరు ముళ్ళు అందులో గుచ్చుకుంటే పైపూత చీలిపోతుంది. విదేశాల్లో దీనికి నడుముకు కట్టుకునే బుట్ట అమ్ముతారు. నేను ఇంట్లో బట్టలు నానబెట్టే టబ్బుకు రెండు చిల్లులు పెట్టి, పాత బెల్టుతో కట్టుకున్నాను. బామ్మర్ది ఎంత నవ్వినా, అంతకన్నా పనికొచ్చిన వస్తువు నా సామానులో లేదు.

ముందుగా అక్కడి చేపల సంఘం వాళ్ళను కలిశాం. చెరువులో పిల్లలు వదిలేది, వలలు వేసేది వాళ్ళు, వాళ్ళ మాట లేకుండా గాలం వేయకూడదు. పట్టింది మళ్ళీ నీళ్ళల్లోనే వదిలేస్తామంటే "మరి పట్టుడెందుకు?" అన్నారు. జవాబు చెప్పలేకపోయాను. సరే వేసుకోండి అన్నారు.

మొదటి గంటలో ఊలీ బగ్గర్ అనే నల్లటి ఈకల గాలానికి రెండు జిలేబీ చేపలు పడ్డాయి, అరచేతి అంతవి. తర్వాత తుంగ పక్కన బుడగ లేచింది. కొర్రమీను గాలి పీల్చుకోవడానికి పైకి వస్తుంది, ఆ గుటక కనిపించిందంటే అక్కడే ఉన్నట్టు. పాపర్ దానికి రెండడుగులు అవతల వేసి టుక్కు టుక్కుమని లాగాను. నీళ్ళు పగిలాయి. నేను వీడియోల్లో చూసినట్టు రాడ్ పైకెత్తాను. పోయింది. ట్రౌట్‌కు రాడ్ ఎత్తుతారు. కొర్రమీను నోరు గట్టిది, రాడ్ నేరుగా చేపవైపే ఉంచి ఎడమ చేత్తో లైన్‌ను గట్టిగా వెనక్కి గుంజాలి. ఈ సంగతి నాకు ముందే తెలుసు. తెలిసీ ఎత్తాను. మన రాష్ట్ర చేప నాకు చూపించింది తోక మాత్రమే.

లీడర్ గురించి ఒక మాట. లావుపాటి లైన్‌కూ గాలానికీ మధ్య కట్టే సన్నటి దారం అది. కిట్‌లో వచ్చింది 9 అడుగులు, చివర 5ఎక్స్, అంటే అంగుళంలో వెయ్యింట ఆరు వంతుల మందం. స్ఫటికం లాంటి నీళ్ళల్లో బెదిరే చేపకు అది. డిండి రంగు నీళ్ళల్లో అంత సన్నం దేనికి? ఏడున్నర అడుగులకు తగ్గించి, చివర 20 పౌండ్ల బరువు ఆపే ఫ్లోరోకార్బన్ దారం ముక్క కట్టాను. కొర్రమీనుకు పళ్ళుంటాయి.

ఇంకోటి, గాలం కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును పట్టకారుతో ముందే నొక్కేయండి. పది గంటలప్పుడు గాలి తిరిగి నా గాలం బామ్మర్ది చెవి తమ్మెకు తగిలింది. ముల్లు లేదు కాబట్టి వచ్చిన దారినే వచ్చేసింది. ఉండి ఉంటే అచ్చంపేట ఆసుపత్రికి పోయేవాళ్ళం. చలువ కళ్ళద్దాలు లేకుండా ఇద్దరిలో ఎవరూ నిలబడకూడదని అప్పుడు రూల్ పెట్టుకున్నాం. కరెంటు తీగలను కూడా చూసుకోవాలి. ఒడ్డున మోటార్ల కోసం లాగిన వైర్లు చాలాచోట్ల కిందికి వేలాడుతుంటాయి, రాడ్ కార్బన్‌ది, కరెంటు పారుతుంది.

అచ్చంపేట మీదుగా కొల్లాపూర్ చేరేసరికి సాయంత్రమైంది. మామిడి తోటలన్నీ పూత మీదున్నాయి. అక్కడినుంచి సోమశిల దగ్గరే. ఉండటానికి ఈ మొత్తం దారిలో సోమశిలే మేలు. టూరిజం వాళ్ళ హరిత కాటేజీ కిటికీ తీస్తే కృష్ణ. శని ఆదివారాలకు ముందే బుక్ చేసుకోవాలి, మేము బుధవారం వెళ్ళాం కాబట్టి దొరికింది. భోజనం చెబితే చేస్తారు, కానీ రాత్రి ఆలస్యంగా చెబితే ఏదీ మిగలదు.

గాలానికి మాత్రం సోమశిల కలిసి రాలేదు. ఇది శ్రీశైలం వెనక జలాలు, ఒడ్డునుంచే లోతు మొదలవుతుంది. మా తేలే లైన్ పైన, చేపలు కింద. మునిగే లైన్ ఉంటే వేరే సంగతి. బోటు మాట్లాడుకుని లోపలికి వెళ్తే ప్లాస్టిక్ సీసాల బెండ్లు, వాటి కింద వలలు. ఒకసారి నా గాలం వలకు తగులుకుంది. లాగకుండా తెంపేశాను, మన సరదాకు వాళ్ళ వల చినగకూడదు కదా. అడవి వైపు వెళ్దామని బామ్మర్ది అన్నాడు గానీ బోటు అన్న ఒప్పుకోలేదు. అది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్, అక్కడ గాలం వేస్తే కేసే. మొసళ్ళు కూడా ఉంటాయి కాబట్టి నీళ్ళల్లో దిగి విసరడం కృష్ణలో ఎక్కడా వద్దు. నీళ్ళల్లో దిగడానికి తొడుక్కునే రబ్బరు వేడర్లు కొనాలా అని ఎవరైనా అడిగితే నా జవాబు అదే. పైగా మన ఎండకు వాటిలో ఉడికిపోతాం.

మూడో రోజు పెబ్బేరు మీదుగా జూరాల. అక్కడ రాడ్ బయటికే తీయలేదు. డ్యాం దగ్గర వేపుడు బండ్ల ముందు కారు ఆపి, కారం పట్టించిన ముక్కలు జొన్న రొట్టెతో తిన్నాం. ధర ముందే అడగండి, కిలో లెక్క వేరు, ప్లేటు లెక్క వేరు. పెనం ముందున్న అక్క కారులోని గొట్టం చూసి ఏమిటని అడిగింది. చేపలు పట్టేదని చెబితే, "మరి కొనుక్కుని తింటున్నరేంది?" అంది.

ఇంటికొచ్చాక లైన్‌ను గోరువెచ్చటి సబ్బు నీళ్ళల్లో తుడిచి ఆరబెట్టాను, లేకపోతే మట్టి పట్టి ఈసారి జారదు. పల్లేరు గుచ్చుకున్న రెండు చోట్ల పూత లేచింది. ఆ సబ్బు నీళ్ళకు టబ్బు కోసం వెతుకుతుంటే, చిల్లులు ఎవరు పెట్టారని మా ఆవిడ అడిగింది. బామ్మర్ది వాళ్ళ అక్కకు నిజం చెప్పేశాడు.