"వాడనే లేదు, కొత్తవే" అని అమ్మే పాత ట్రెక్కింగ్ బూట్లతో జాగ్రత్త

డబ్బాలోంచి కూడా తీయని ట్రెక్కింగ్ బూట్లు సగం ధరకే వస్తున్నాయని కొనబోతున్నారా? తయారైన నెల, సంవత్సరం తెలియకుండా డబ్బు కట్టకండి. వానల్లో కొండలెక్కేవాళ్లయితే అసలే వద్దు.

నేను కొన్నది పాత స్టాకు అమ్మే ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర. తోలు మీద గీత లేదు, రబ్బరు పళ్లు అరగలేదు, లేసుల మడత కూడా విప్పలేదు. ఎప్పటివని ముందే అడిగితే "నిరుటి స్టాకే" అని రాసిచ్చారు. బూటు నాలుక లోపల చీటీ ఉండాల్సిన చోట మాత్రం కత్తిరించిన కుట్టు కనిపించింది. గుచ్చుకుంటుందని తీసేశారట! చాలా బూట్లకు తయారీ తేదీ ఉండేది ఆ చీటీ మీదే.

కొండ దిగుతుంటే వాన పట్టుకుంది. కుడి మడమ కింద ఏదో మెత్తగా దిగబడుతున్నట్టు అనిపించింది. బురదేమో అనుకుని బండ మీద కాలు పెట్టి చూస్తే బూటు ముందు భాగం నోరు తెరిచి ఉంది. రబ్బరు అడుగుకూ తోలుకూ మధ్య ఉండే మిడ్‌సోల్ చెదపట్టిన కర్రలా వేలికి పొడిపొడిగా రాలుతోంది. టేపుతో, టెంటు తాడుతో కట్టుకుని నడుస్తుండగానే ఎడమది కూడా ఊడింది. రెండూ ఒకే వయసువి కదా. పళ్లు లేని అడుగుతో తడి బండల మీద దిగడమంటే ప్రతి అడుగుకీ కూర్చుని జరగడమే.

ఇది అతుకు ఊడటం కాదు, కాబట్టి జిగురుతో బాగయ్యేదీ కాదు. బరువైన ట్రెక్కింగ్ బూట్లలో మిడ్‌సోల్ చాలావరకు పాలీయురెథేన్ అనే నురగలాంటి ప్లాస్టిక్‌తో చేస్తారు. గాలిలోని తేమ అందులోకి చేరి, ఆ పదార్థపు అణుబంధాలను మెల్లగా తెంచుతుంది. దీన్ని హైడ్రాలిసిస్ అంటారు. వాడినా వాడకపోయినా ఇది జరుగుతుంది. వేడిగా, తేమగా ఉండే గదిలో మూసిన డబ్బాలో పెడితే ఇంకా త్వరగా. అప్పుడప్పుడూ తొడిగి నడవమని తయారీదారులు చెప్పేది అందుకే. అంటే "వాడలేదు" అన్నది ఇక్కడ గొప్ప కాదు, అనుమానించాల్సిన మాట. ఈవీఏ అనే తేలికపాటి నురగతో చేసిన మిడ్‌సోల్‌కు ఈ రోగం రాదు. అది అణిగిపోయి గట్టిపడుతుంది గానీ ఇలా పొడి కాదు.

టెంట్లకూ, చవక రెయిన్ జాకెట్లకూ లోపల వేసే పూత కూడా తరచుగా పాలీయురెథేనే. పాతబడితే జిగటగా అంటుకుంటుంది, పుల్లటి కంపు కొడుతుంది, కుట్ల మీది సీమ్ టేపు పెచ్చులుగా లేస్తుంది. టెంటు మీద 3,000 మి.మీ. అని ఉంటే, అంత ఎత్తు నీటి స్తంభం ఒత్తిడిని గుడ్డ తట్టుకుందని అర్థం. అయితే ఆ పరీక్ష చేసింది కొత్త గుడ్డకు. జాకెట్ పైగుడ్డ మీద నీళ్లు జారకుండా ఇంకిపోతుంటే కంగారు పడకండి, శుభ్రంగా ఉతికి నీటిని నెట్టే స్ప్రే కొడితే సరిపోతుంది. లోపలి పూత ఊడితే మాత్రం ఆ స్ప్రేతో బాగవదు. కొండ మీద రాత్రంతా తడిస్తే అది చలితో పోయే సంగతి కాదు. ఒంట్లోని వేడి 35 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగితే హైపోథెర్మియా, ప్రాణం మీదికి వస్తుంది.

బూట్లు చేతికొచ్చాక మిడ్‌సోల్ పక్కన బొటనవేలి గోటితో గట్టిగా నొక్కండి. గుంట పడి అలాగే ఉండిపోయినా, పొడి రాలినా, జిగటగా తగిలినా వెంటనే వెనక్కి పంపేయండి. బూటును రెండు చేతులతో వంచి సన్నటి పగుళ్లు వెతకండి. తర్వాత ఇంటి చుట్టుపక్కల తడి నేల మీద, బరువు మోస్తూ, బాగా నడిచి చూడండి. కొన్ని తోలు బూట్లకు కొత్త సోల్ వేయించుకోవచ్చు, కానీ అన్ని మోడళ్లకూ కుదరదు. ఆ ఖర్చు కలుపుకుంటే తగ్గింపు ఏమీ మిగలదు.

నా డబ్బు రాలేదు. "మీరు వేసుకుని నడిచారు, వాపసు లేదు" అన్నారు. నడవకుండా తెలిసేదెలా అంటే జవాబు లేదు. అందుకే కొనకముందే నాలుక లోపలి చీటీ, మిడ్‌సోల్ పక్క భాగం, రెండింటికీ దగ్గరి ఫోటోలు అడగండి. చీటీ లేదన్నా, తేదీ చెరిగిపోయిందన్నా ఆ బేరం అక్కడితో ఆపేయండి.