జాగ్రత్త: ‘చేతిపని టేకు కుర్చీలు’ అంటే పాలిష్ వేయకముందే వెళ్లి చూడండి

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు కొత్త ఇంటికో పెళ్లి సామానుకో చెక్క కుర్చీలు చేయించుకోబోతున్నవాళ్లు ఇది చదవండి. ‘అసలు టేకు చేవ (చెట్టు నడిమి గట్టి చెక్క), మొత్తం చేతి చెక్కుడు, స్క్రూ అనేదే ఉండదు’ అని చెప్పి ఒకతను మాకు కుర్చీల సెట్ అమ్మాడు. సగం డబ్బు ముందే తీసుకున్నాడు. బిల్లు అడిగితే తెల్లకాగితం మీద ‘కుర్చీలు’ అని రాసిచ్చాడు. ఎండలు ముదిరేసరికి కాళ్లు ఊగడం మొదలైంది. మా అమ్మ కూర్చోబోతే వెనక కాలు పక్కకు జారింది. గోడ అందింది కాబట్టి సరిపోయింది. ఈ వయసులో తుంటి విరిగితే ఎవరిది బాధ్యత?

మా వీధి వడ్రంగి ఆచారిని పిలిస్తే ఒక కుర్చీ విప్పి చూపించాడు. “ఇదేందన్నా, దీనికి కుసే లేదు! స్క్రూ బిగించి పైన పుట్టీ పూసినారు” అన్నాడు. కుసి అంటే ఒక చెక్క చివర సన్నగా చెక్కి, ఇంకో చెక్క బెజ్జంలో దిగ్గొట్టే నాలుక.

పాత పద్ధతిలో కాలికి ఉలితో బెజ్జం తొలిచి, సీటు పట్టీ చివర దానికి బిగుతుగా సరిపడే కుసి తీసి దిగ్గొడతారు. రెండిటికీ కలిపి రంధ్రం వేసి వెదురు చీల కొడతారు. మనం వెనక్కి వాలినప్పుడల్లా బలమంతా పడేది వెనక కాలు, సీటు పట్టీ కలిసే ఆ చోటే. కుసి ఉంటే ఆ బరువు అతుకంతా పంచుకుంటుంది. పట్టీ చివర, నార పొడవునా దిగిన స్క్రూకి పట్టు చాలా తక్కువ.

పైగా మాకిచ్చింది ఆరని చెక్క. చెక్కలో తేమ సుమారు 30 శాతం కంటే దిగినప్పటి నుంచి అది కుంచించుకుపోతుంది, అదీ పొడవులో కన్నా అడ్డంలోనే ఎక్కువ. ఫర్నిచర్‌కి తేమ 12 శాతం దరిదాపులకు దిగాలి. తేమ కొలిచే మీటర్ పెట్టి చూపించమని అడగండి, నిమిషం పని.

వీపు మీది పువ్వులు మిషన్ మీద చెక్కి జిగురుతో అతికించినవి. మిషన్ పని తప్పని నేననను, దాని ధర దానికుంటుంది. చేతిపని ధర తీసుకుని అది ఇవ్వడం మోసం. పువ్వులన్నీ అచ్చుగుద్దినట్టు ఉండి, లోపలి మూలలు గుండ్రంగా తిరిగితే అనుమానించండి. ఉలి మూలను పదునుగా తెంపుతుంది. కుర్చీ అడుగున, రంగు తగలని చోట గీకి చూడండి. మాది పాలిపోయిన పైచెక్క, అంటే బెరడు పక్కనుండే చెక్క. దానికి ముదురు రంగు పూసి చేవలా చూపించారు. పురుగు ముందు పట్టేది ఆ పైచెక్కనే.

ఇంకో మాట. ‘ఉదయగిరి పనితనం, జీఐ ఉంది’ అని కూడా చెప్పాడు. జీఐ అంటే ఒక ఊరి ప్రత్యేక వస్తువుకిచ్చే భౌగోళిక గుర్తింపు. ఉదయగిరికి ఆ గుర్తింపు చెక్క స్పూన్లు, ఫోర్కులు, గరిటెల్లాంటి వాటికి వచ్చింది. కుర్చీలకు ఆ పేరు వాడుకోవడం అక్కడ కష్టపడే కళాకారులకు చేసే అన్యాయం.

బిల్లులో చెక్క రకం, అతుకు రకం, చేతి చెక్కుడో మిషన్‌దో రాయించుకోండి. మోసపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, రెండేళ్లలోపు. ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవాళ్లు మిగతా సగం ఇచ్చేలోపు షాపుకి వెళ్లి, జిగురు పెట్టకముందే ఒక్క అతుకు లాగి చూపించమనండి. పాలిష్ పడ్డాక పుట్టీ ఏదో చెక్క ఏదో మన కంటికి తెలియదు.