లాటనోప్రోస్ట్ చుక్కలు: మందు బాగుంది, గొడవంతా సీసాతోనే

మందుకి అయిదుకి నాలుగున్నర ఇస్తాను, సీసాకి రెండు ఇవ్వడం కూడా ఎక్కువే.

నెల్లూరు నుంచి వచ్చి చెన్నైలో, కోడంబాకంలో మాతోనే ఉంటున్న మా మామయ్యగారికి నీటికాసులు, అంటే గ్లకోమా (కంటి లోపల ప్రెషర్ పెరిగి చూపుని దెబ్బతీసే జబ్బు). డాక్టర్ రాసిచ్చింది లాటనోప్రోస్ట్, రెండున్నర మిల్లీలీటర్ల సీసా, రాత్రిపూట ఒక్కో కంట్లో ఒక్కో చుక్క. కంటి ప్రెషర్ బాగానే దిగింది, రోజుకి ఒక్కసారే కాబట్టి మర్చిపోవడం కూడా తక్కువ. కళ్ళు కాస్త ఎర్రబడ్డాయి, రెప్పవెంట్రుకలు మాత్రం పొడుగ్గా, ఒత్తుగా పెరిగాయి. ఈ రకం మందులకి అది మామూలే (ఇదే కుటుంబంలోని బైమాటోప్రోస్ట్‌ని అమెరికాలో రెప్పవెంట్రుకలు పెంచుకోవడానికే విడిగా అమ్ముతారు). మా అత్తయ్యగారికి ఒకటే కుళ్ళు.

ఇక సీసా. ఆయన చేతులు వణుకుతాయి, మెడ వెనక్కి వంచలేరు, పైగా ప్లాస్టిక్ ఎంత గట్టిదంటే నొక్కగా నొక్కగా చివరికి ఒక్కసారే మూడు చుక్కలు బుగ్గ మీద పడతాయి. "అమ్మాయ్, పడిందా?" అంటారు. "లేదు మామయ్యా, చెవిలోకి పోతోంది." నవ్వుకుంటాం గానీ నెల తిరక్కుండానే సీసా ఖాళీ. గురి చూసి వేసినా ఒరిగేది తక్కువే, ఎందుకంటే కన్ను 30 మైక్రోలీటర్లకి మించి పట్టదు, చుక్కేమో 30 నుంచి 50 దాకా ఉంటుంది, ఎక్కువైంది బయటికో ముక్కులోకో జారిపోతుంది, కంటి లోపలికి చేరేది 5 శాతం లోపే. వేశాక కళ్ళు మూసుకుని ముక్కు పక్కన కంటి మూలని రెండు నిమిషాలు నొక్కి పట్టుకోమనేది ఇందుకే.

ఇంత మంచి మందుకి ఇంత దరిద్రపు దారేంటని చదవడం మొదలుపెడితే, ఇది పాత బాధేనని తెలిసింది. 1974లోనే అమెరికాలో ఆక్యుసర్ట్ అని ఒకటి వచ్చింది. రెండు పాలిమర్ (ప్లాస్టిక్ లాంటి పదార్థం) పొరల మధ్య పైలోకార్పిన్ అనే గ్లకోమా మందు, రెప్ప కింద పెట్టుకుంటే వారం పాటు సమంగా వదిలేది. అదే మందు చుక్కలైతే రోజుకి నాలుగుసార్లు. అయినా జనం దాన్ని నెత్తిన పెట్టుకోలేదు. కంట్లో నలుసు పడ్డట్టుండేది, ఒక్కోసారి తెలియకుండానే జారిపోయేది, ఈలోగా 1978లో ఇదే జబ్బుకి, రోజుకి రెండుసార్లు వేస్తే సరిపోయే టిమోలాల్ చుక్కలు వచ్చాయి.

2020లో అక్కడే అనుమతి వచ్చిన డ్యూరిస్టా ఇంకో రకం. కరిగిపోయే పాలిమర్‌తో చేసిన చిన్న పుల్లని సూదితో కంటి ముందు గదిలోకి (కార్నియాకి, కనుపాపకి మధ్య ఉండే ఖాళీలోకి) ఎక్కిస్తారు, అది నెలల తరబడి బైమాటోప్రోస్ట్ వదులుతుంది. కానీ కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) లోపలి కణాలు దెబ్బతినొచ్చని, కంటికి ఒక్కసారే అన్న షరతు మీద అనుమతి ఇచ్చారు. జీవితాంతం ఉండే జబ్బుకి ఒక్కసారి ఏం సరిపోతుంది చెప్పండి! నాకు ఆశ ఉన్నది, మందు నింపి కంటి లోపల పెట్టే పాలీకాప్రోలాక్టోన్ అనే పాలిమర్‌తో చేసిన పల్చటి ఫిల్మ్‌ల మీద. శాన్‌ఫ్రాన్సిస్కోలో పరిశోధకులు కుందేళ్ళ కళ్ళలో వీటిని పరీక్షించారు. ఈ పాలిమర్ చాలా నిదానంగా కరుగుతుంది కాబట్టి, ముందు మందు అయిపోయి తర్వాత ఫిల్మ్ కరిగేలా చేసుకోవచ్చు. కుందేలు వేరు, మా మామయ్య వేరు అనుకోండి.

అవి వచ్చేదాకా చుక్కలే గతి. ఇప్పుడు ఆయన్ని పడుకోబెట్టి నేనే వేస్తున్నాను. సీసా ఫ్రిజ్‌లోంచి తీసి అలాగే వేస్తే, చల్లగా తగలగానే పడిందో లేదో ఆయనకే తెలిసిపోతుంది. మేము కొన్న రకం తెరిచాక 25 డిగ్రీలు దాటకూడదట, మే నెల చెన్నైలో ఆ 25 డిగ్రీలు ఎక్కడ దొరుకుతాయో రాసినవాళ్ళే చెప్పాలి. కొనేటప్పుడు మాత్రం, అట్ట మీద 2 నుంచి 8 డిగ్రీలు అని ఉండి షాపతను అల్మరాలోంచి తీసిస్తే తీసుకోకండి, పక్క షాపుకి వెళ్ళండి.