ఆరు కొమ్ముల రౌటర్ కొనబోయి

ముందే చెప్పేస్తున్నా, ఇది రౌటర్ రివ్యూనే కానీ సగం మా ఇంటి గోడల గురించే ఉంటుంది. బెంగళూరులో కుందలహళ్ళి దగ్గర మూడు బెడ్‌రూమ్‌ల అద్దె ఫ్లాట్ మాది. కొత్త బిల్డింగు, మైవాన్ కట్టడం. అంటే ఇటుకలుండవు, అల్యూమినియం అచ్చులు బిగించి గోడలన్నీ కాంక్రీటుతో పోసేస్తారు. క్యాలెండర్ తగిలించుకుందామని మేకు కొడితే మేకే వంగిపోయింది. అలాంటి ఇంట్లో ఇంటర్నెట్, వై-ఫై ఇచ్చే ఫైబర్ డబ్బాని మెయిన్ డోర్ వెనక గోడలో ఉన్న ఇనప పెట్టెలో పెట్టి, చక్కగా మూత కూడా వేసి వెళ్ళిపోయాడు కనెక్షన్ ఇచ్చినతను. నేను ఆఫీసు పని చేసుకునేది చిట్టచివరి బెడ్‌రూమ్‌లో. మధ్యలో మూడు గోడలు, ఒక ఫ్రిజ్, అత్తయ్యగారి ఇనప బీరువా.

ప్లాన్ 200 ఎంబీపీఎస్‌ది. నా గదిలోకి వచ్చేసరికి 6, ఒక్కోరోజు 4. మీటింగ్‌లో నా వీడియో ఆగిపోయేది, అదేంటో సరిగ్గా నోరు తెరిచినప్పుడే ఆగేది. ఒక ఏడాది తలుపులన్నీ బార్లా తెరిచి పెట్టుకుని నెట్టుకొచ్చాను. తర్వాత అందరూ చేసే తప్పే చేశాను, పదిహేను వందలు పెట్టి ఒక ఎక్స్‌టెండర్ తెచ్చి, సిగ్నల్ రాని ఆ గదిలోనే ప్లగ్‌లో పెట్టాను. ఫోన్‌లో గీతలన్నీ నిండుగా కనబడ్డాయి, స్పీడ్ మాత్రం 5. ట్యాంకులో నీళ్ళు లేనప్పుడు కుళాయి మారిస్తే ఏమొస్తుంది? ఎక్స్‌టెండర్ తనకు అందిందే మళ్ళీ పంచగలదు, దాన్ని సిగ్నల్ ఇంకా బాగా ఉన్న సగం దారిలో పెట్టాలి. అక్కడ పెట్టినా, ఒకే బ్యాండ్ (వై-ఫై తరంగాల దారి) మీద వినడమూ చెప్పడమూ రెండూ చేస్తే స్పీడ్ దాదాపు సగమైపోతుంది.

ఇక మా మరిది సలహా. "వదినా, ఆరు యాంటెనాలున్న గేమింగ్ రౌటర్ తీసుకో, పదిహేను వేలవుతుంది కానీ పక్క వీధి దాకా వస్తుంది" అన్నాడు. ఫోటో కూడా పంపాడు, తిరగేసిన సాలీడులా ఉంది. నిజంగానే కొనబోయాను, కార్ట్‌లో వేసి రెండు రోజులు ఉంచాను కూడా. ఈలోపు కాస్త చదివితే తెలిసిందేంటంటే, కొమ్ములు ఎక్కువుంటే దూరం ఎక్కువ వెళ్తుందనేది ఒట్టి మాట. ఎంత శక్తితో ప్రసారం చేయాలో దానికి చట్టం పెట్టిన హద్దు ఉంది. అంతకన్నా ముఖ్యం, ఇది రెండు వైపుల సంభాషణ. రౌటర్ గట్టిగా అరిచినా, చేతిలో ఉన్న ఫోన్ మూడు గోడల అవతల నుంచి బదులు చెప్తే అది రౌటర్‌కి వినబడాలి కదా. ఫోన్ గొంతు చిన్నది. పదిహేను వేల రౌటర్ కొన్నంత మాత్రాన ఫోన్ గొంతు పెరగదు.

మా అత్తయ్యగారు మాత్రం "పాత టీవీ యాంటెనా తిప్పినట్టు దీన్నీ తిప్పితే రాదా అమ్మాయ్?" అన్నారు. నవ్వాను గానీ ఆవిడ మాటలోనే ఎక్కువ పస ఉంది. గారె చిల్లులో ఒక పుల్ల నిలబెట్టినట్టు ఊహించుకోండి. ఆ పుల్ల యాంటెనా, గారె సిగ్నల్. చుట్టుపక్కలకి బాగా పోతుంది, పుల్ల కొసల వైపు తక్కువ. కాబట్టి ఒకే అంతస్తు ఇంట్లో యాంటెనాలు నిటారుగా ఉంచాలి, డూప్లెక్స్ అయితే ఒకదాన్ని పడుకోబెట్టి చూడొచ్చు. పూలరేకుల్లా నాలుగు వైపులా విప్పి పెట్టడం ఫోటోకి బాగుంటుంది, అంతే.

బాక్సు మీద నంబర్ల సంగతి కూడా చెప్పాలి. ఏఎక్స్ (అంటే వై-ఫై 6 తరం) 1500 అని రాస్తే 1500 ఎంబీపీఎస్ వస్తుందనుకుంటాం. అది 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 1201, 2.4 బ్యాండ్‌లో 300, రెండూ కూడి గుండ్రంగా రాసిన కాగితం లెక్క. ఏఎక్స్ 3000 అంటే 2402, 574. ఆ 2402 రావాలంటే ఫోన్ కూడా 160 మెగాహెర్ట్జ్ వెడల్పు ఛానల్‌ని అందుకోగలగాలి, చాలా ఫోన్లు 80 దగ్గరే ఆగుతాయి. 200 ప్లాన్‌కి ఇవేవీ అడ్డం కాదు. చూడాల్సింది వెనక వైరు గుచ్చే పోర్టులు. చవక రౌటర్లలో కొన్నిటికి, మీద ఏసీ (ఏఎక్స్‌కి ముందు తరం) 1200 అని ఘనంగా రాసి ఉన్నా, వెనక పోర్టులు 100 ఎంబీపీఎస్‌వే ఉంటాయి. వాటితో 200 ప్లాన్, 300 ప్లాన్ అన్నీ ఒకటే, 94 దగ్గర ఆగిపోతుంది. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటే ఇదే.

ఒక శనివారం మెట్రో పర్పుల్ లైన్ ఎక్కి, మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కి మారి, చిక్కపేటలో దిగి ఎలక్ట్రానిక్స్ షాపులుండే ఎస్పీ రోడ్‌కి వెళ్ళాను. మొదటి రెండు షాపుల్లో అడిగిందే తడవు ఖరీదైన బాక్సు దించారు. మూడో షాపాయన నా మాట తీరు విని "ఏ ఊరు మేడమ్, మాది హిందూపురం" అని, ఇంటి ప్లాన్ బిల్లు వెనకాల గీయించుకుని, ఒక నిమిషం చూసి "మీకు కావాల్సింది రౌటర్ కాదు మేడమ్, వైరు" అన్నాడు. రౌటర్ అమ్ముకునే మనిషి ఆ మాట అన్నాడంటే నమ్మబుద్ధేసింది. ఆయన ఇచ్చింది టీపీ-లింక్ ఆర్చర్ ఏఎక్స్10, నాలుగు వేలకు కాస్త అటూ ఇటూ పడింది, దానికి తోడు 20 మీటర్ల క్యాట్ 6 కేబుల్. వై-ఫై 6, ఏఎక్స్ 1500, పోర్టులన్నీ గిగాబిట్, అంటే 1000 ఎంబీపీఎస్‌వి. యూఎస్‌బీ పోర్టు లేదు, పెన్‌డ్రైవ్ పెట్టి సినిమాలు చూసే అలవాటుంటే వేరేది చూసుకోండి.

అద్దె ఇల్లు కాబట్టి ఓనర్ ఆంటీ గోడకు బొక్క పెట్టొద్దన్నారు. కేబుల్‌ని గోడ అడుగున టైల్ అంచు వెంబడి అంటించుకుంటూ, తలుపుల దగ్గర గడప పక్కగా లాగి, వెనక బెడ్‌రూమ్‌ల ముందున్న సన్న దారి దాకా తెచ్చాం. ఎలక్ట్రీషియన్ వచ్చి కొసలు క్రింప్ చేశాడు, అంటే ప్లాస్టిక్ క్లిప్పులు బిగించాడు. ఆనందంగా స్పీడ్ టెస్ట్ పెడితే 93. మళ్ళీ పెడితే 94. గుండె జారిపోయింది, రౌటరే మోసమేమో అనుకున్నా. అప్పుడే ఆ 94 అనే అంకె ఎక్కడో చదివినట్టు గుర్తొచ్చింది. అతన్ని వెనక్కి పిలిచి టెస్టర్ పెట్టించాను. చిన్న డబ్బా, ఎనిమిది లైట్లు, ఒక్కొక్కటీ వరసగా వెలుగుతాయి. ఒకటి, రెండు, మూడు... ఆరు వెలిగింది, ఏడు వెలగలేదు, ఎనిమిది వెలిగింది. 100 ఎంబీపీఎస్‌కి ఒకటి, రెండు, మూడు, ఆరు తీగలు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. గోధుమరంగు చారలున్న తెల్ల తీగ క్లిప్పులోకి పూర్తిగా దిగలేదంతే. కొస కత్తిరించి కొత్త క్లిప్పు వేస్తే 204. ఆ క్లిప్పు ఖరీదు పది రూపాయలుంటుందేమో. ఎలక్ట్రీషియన్ పని చేస్తే టెస్టర్ పెట్టకుండా డబ్బులివ్వకండి.

కొత్త రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టాను. అంటే ఐపీ అడ్రసులు పంచే పని పాత ఫైబర్ డబ్బాకే వదిలేసి, ఇది వై-ఫై ఇచ్చే పని మాత్రం చేస్తుంది. డబ్బాని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టించి కొత్తదాన్నే అసలు రౌటర్ చేద్దామనే అనుకున్నా. కస్టమర్ కేర్‌లో ఒకరు చేస్తామన్నారు, ఒకరు కుదరదన్నారు, మూడో వాళ్ళు రీస్టార్ట్ చేసి చూడమన్నారు. వదిలేశా. యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పేరెంటల్ కంట్రోల్స్ లాంటివి పనిచేయవు, పిల్లల ఫోన్ టైమ్ రౌటర్‌తో కట్టడి చేద్దామనుకునేవాళ్ళు అది గుర్తుంచుకోండి.

ఫైబర్ డబ్బాని కూడా ఇనప పెట్టెలోంచి బయటికి తీసి చెప్పుల స్టాండ్ పైన పెట్టాను. ఈ పని ఒక్కటి ఏడాది క్రితమే చేసుంటే హాల్లో బఫరింగ్ గోల అప్పుడే పోయేది, తలుచుకుంటే నా మీద నాకే కోపమొస్తుంది. 2.4 బ్యాండ్‌లో దానికి 1, కొత్తదానికి 11 ఛానల్ ఇచ్చాను. ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11 మూడే, మా అపార్ట్‌మెంట్‌లో స్కాన్ చేస్తే ఇరవైకి పైగా నెట్‌వర్కులు కనబడ్డాయి. నా టేబుల్ దగ్గర సిగ్నల్ ఇంతకుముందు మైనస్ 82 డీబీఎం (సిగ్నల్ బలం కొలత, సున్నాకి దగ్గరైన కొద్దీ మంచిది) ఉండేది, ఇప్పుడు మైనస్ 51. మైనస్ 67 కన్నా దిగజారకపోతే వీడియో కాల్స్‌కి ఢోకా ఉండదు. గదిలో స్పీడ్ 190 పైనే.

నచ్చనిది ఒకటుంది. రెండిటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ పెట్టినా, హాల్లోంచి గదిలోకి నడిస్తే ఫోన్ పాతదాన్నే పట్టుకుని వేలాడుతుంది. ఎప్పుడు మారాలో తేల్చుకునేది ఫోనే, ఇలా విడివిడి డబ్బాలు పెట్టుకుంటే దాన్ని అటు తోసేవాళ్ళుండరు. నడుస్తూ కాల్ మాట్లాడే మా ఆయనకి ఒక్క క్షణం కట్ అవుతుంది. అది తగ్గాలంటే మెష్ సెట్ (ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ ఒకే నెట్‌వర్క్‌లా పనిచేసే డబ్బాల జత) తీసుకోవాలి. వైరు లాగే వీలు అస్సలు లేని ఇంటికీ మెష్ మంచిదే, కానీ మా ఇంటి లాంటి కాంక్రీటు గోడల మధ్య వాటినీ వైరుతో కలిపితేనే పూర్తి స్పీడు.

కరెంటు సంగతి మర్చిపోయా. మా దగ్గర కరెంటు పోతే జనరేటర్ పది పదిహేను సెకన్లలో వచ్చేస్తుంది. కానీ డబ్బా, రౌటర్ మళ్ళీ లేచి కూర్చోడానికి రెండు మూడు నిమిషాలు, ఈలోపు మీటింగ్‌లో నేను లేనట్టే. దీనికి రెండు మినీ యూపీఎస్‌లు పెట్టాను, డబ్బాకొకటి, రౌటర్‌కొకటి. ఒక్క రౌటర్‌కే పెట్టుకుని డబ్బాని వదిలేస్తే వై-ఫై ఉంటుంది, నెట్ ఉండదు. కొనేముందు మీ అడాప్టర్ మీద వోల్టులూ ఆంప్స్ చదువుకోండి. వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి, ఆంప్స్ అంతకు తగ్గకూడదు. పిన్ను సైజు కూడా చూసుకోండి.

ఎనిమిది నెలలైంది, రౌటర్‌ని రెండుసార్లే రీస్టార్ట్ చేశాను, అందులో ఒకటి ఫర్మ్‌వేర్ అప్‌డేట్ కోసం. మీ ఇల్లు పాత ఇటుక గోడలది, రెండు గదులదే అయితే ఇదొక్కటే ఇంటి మధ్యలో ఎత్తుగా పెట్టుకోండి, కేబుల్ తతంగమేమీ అక్కర్లేదు. ఎస్పీ రోడ్‌కి ఆదివారం మాత్రం వెళ్ళకండి, చాలా షాపులు మూసే ఉంటాయి. వెళ్ళేటప్పుడు ఇంటి ప్లాన్ గీసుకుని వెళ్ళండి, వారంటీ కోసం జీఎస్టీ బిల్లు అడిగి తీసుకోండి. బిల్లు వెనకాల ప్లాన్ గీయనివ్వకండి, నా బిల్లు మీద ఇప్పుడు అన్నిటికన్నా స్పష్టంగా కనబడేది అత్తయ్యగారి బీరువానే.