వైజాగ్ ప్యాకేజీ తీసుకునేవాళ్లు సోమవారం చూసుకోండి, పీఎన్ఆర్ అడగండి

పోయిన నెల వైజాగ్ వెళ్లొచ్చాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. రెండు రాత్రులు, మూడు పగళ్లు, నలుగురికీ కలిపి 22,000. వాట్సాప్‌లో వచ్చిన ప్రకటన చూసి 12,000 అడ్వాన్సు కొట్టేశాను. ఆ ట్రావెల్స్ పేరు రాయను. ఎక్కడెక్కడ దెబ్బతిన్నామో మాత్రం చెప్తాను.

మొదటి రోజు సోమవారం. కాగితంలో సబ్‌మెరైన్ మ్యూజియం, జూ, కైలాసగిరి అని ఉంది. ఆ సబ్‌మెరైన్ పేరు కురుసుర. మావాడు రైల్లో రాత్రంతా దాని జపమే. 1969లో నేవీలో చేరింది, 2001లో రిటైరైంది, 91 మీటర్ల పొడవు, అన్నీ కంఠస్థం. తీరా బీచ్ రోడ్డులో దిగితే గేటుకి తాళం. సోమవారం సెలవట. జూకీ సోమవారమే సెలవు. డ్రైవర్ని అడిగితే, "చూపించమన్నారండి, లోపలికి తీసుకెళ్లమని చెప్పలేదు" అన్నాడు పాపం. కాగితం తీసి చూశాను. నిజమే, ప్రతి చోటా 'విజిట్' అనే ఉంది. కింద చీమ తలకాయంత అక్షరాల్లో 'ప్రవేశ టికెట్లు అదనం'. మావాడు చువ్వలు పట్టుకుని పావుగంట అలాగే నిలబడ్డాడు. నాకు అన్నిటికన్నా మండింది అక్కడే.

హోటల్ గది 'సీ వ్యూ'. బాల్కనీలో ఎడమ పక్కకి వంగి, ఎదురు మేడ మీద ఆరేసిన దుప్పట్లు గాలికి కదిలినప్పుడు చూస్తే, రెండు అపార్టుమెంట్ల మధ్య జానెడు సముద్రం.

రెండో రోజు అరకు. ప్యాకేజీ తీసుకున్నదే అద్దాల రైలు కోసం, అదే విస్టాడోమ్. ముందురోజు రాత్రి పదిన్నరకి మెసేజ్: "సీట్లు కన్ఫర్మ్ కాలేదు, కారు పంపుతున్నాం." అసలు టికెట్ తీశారా అంటే జవాబు లేదు. ఘాట్ రోడ్డు మలుపులకి చిన్నది రెండుసార్లు వాంతి చేసుకుంది. తేడా డబ్బులు ఇవ్వమంటే "రైలు కన్నా కారే ఖరీదు సార్" అన్నారు. బొర్రా గుహల టికెట్లు, కటికి జలపాతానికి జీపు అన్నీ మా జేబులోంచే. గుహలకి మాత్రం పెట్టిన ప్రతి రూపాయీ దక్కింది, అది వేరే సంగతి.

ఇంకోటి. ఆ కాగితంలో 'ఆర్కే బీచ్‌లో సముద్ర స్నానం' అని కూడా రాశారు. ఆ పని మాత్రం చెయ్యకండి. అక్కడ అలల లాగుడు ఎక్కువ, ప్రాణాలు పోయినవాళ్లు ఎందరో. మోకాళ్లు తడిసేలోపే ముంత మసాలా అమ్మే ఆయన అరిచి మరీ వెనక్కి పిలిచాడు.

మీరు బుక్ చేసేటప్పుడు రైలు ఉందంటే పది అంకెల పీఎన్ఆర్ ముందే పంపమనండి. రైల్వే ఎంక్వైరీ 139కి ఫోన్ చేస్తే టికెట్ కన్ఫర్మ్ అయిందో లేదో తెలిసిపోతుంది. పీఎన్ఆర్ లేదంటే టికెట్ లేదనే అర్థం. 'సీ వ్యూ' అంటే అదే గది కిటికీలోంచి వీడియో అడగండి. ప్రవేశ టికెట్ల ఖర్చు ఎవరిదో, రద్దయితే ఎంత వెనక్కిస్తారో మెసేజ్‌లోనే రాయించుకోండి. ఫోన్లో చెప్పినవేవీ తర్వాత వాళ్లకి గుర్తుండవు.

మూడో రోజు మధ్యాహ్నం వాళ్ల కారు వదిలేసి, ఆటో మాట్లాడుకుని మేమే మళ్లీ కురుసురకి వెళ్లాం. నేవీలో పనిచేసి రిటైరైన ఒకాయన లోపలంతా దగ్గరుండి తిప్పాడు. ఆ ఇరుకు బెర్తులు చూసి మావాడు, "వీటి మీద పక్కకి తిరిగి ఎలా పడుకునేవారు తాతా?" అని ఒకటే ప్రశ్నలు.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇచ్చాను. అప్పటినుంచి ఆ ట్రావెల్స్ వాళ్లు నా ఫోన్ ఎత్తట్లేదు. వాట్సాప్ స్టేటస్‌లో మాత్రం నిన్న కొత్త ఆఫర్ పెట్టారు. అందులోనూ సిటీ టూర్ సోమవారమే.