నీళ్లు చొరని సంచి: ఆరేళ్ల వాడకం తర్వాత

గుంటూరులో కలిసి చదువుకున్న నలుగురు మిత్రులు అమెరికాలో స్థిరపడ్డారు. 2019 మే నెలలో వాళ్లతో కలిసి యూటా రాష్ట్రంలోని శాన్ జువాన్ నదిలో ఏడు రోజులు రాఫ్టు మీద ప్రయాణించాను. ఈ 60 లీటర్ల డ్రై బ్యాగు ఆ ప్రయాణం కోసమే కొన్నాను.

శాండ్ ఐలాండ్ నుంచి క్లే హిల్స్ దాకా సుమారు 135 కిలోమీటర్లు. మెక్సికన్ హ్యాట్ అనే చిన్న ఊరు దాటితే ఇక దుకాణం లేదు. ఎడారి కదా, తడిసినా ఆరిపోతాయిలే అనుకున్నాను. పగలు నిజమే. రాత్రి ఆ లోయలో చలికి వణికాక, దుప్పటి పొడిగా ఉండడం ఎంత అవసరమో తెలిసింది.

రెండో రోజు సంచిని నోటిదాకా కూరి, మూతిని ఒక్క మడతే వేసి క్లిప్పు పెట్టాను. ఎయిట్ ఫుట్ అనే ఉధృతమైన చోట అల మీద పడింది. తువ్వాలు, మేజోళ్లు ముద్దయ్యాయి. "మూడు మడతలు పడాలిరా, పట్టకపోతే సామాను తగ్గించు" అన్నాడు మిత్రుడు. ఆ తర్వాత చుక్క నీరు లోపలికి పోలేదు.

అసలు శత్రువు నీరు కాదు, ఒండ్రు. ఆ నది వరద రోజుల కృష్ణలా చిక్కగా ఉంటుంది. సాయంత్రం బకెట్టులో నీళ్లు పట్టి పటిక వేస్తే తెల్లవారేసరికి తేటపడేవి. మా అమ్మమ్మ చిల్లగింజ అరగదీసి కుండలో కలిపేది, అదే పని. ఆ సన్నటి ఇసుక మడతల్లో చేరి పై పూతను గీకేస్తుంది. రోజూ మూతిని కడిగి తుడవాలి. ఇంకొక మాట: ఆవకాయ సీసాను బట్టలతో కలిపి పెట్టకండి. ఇందులో కారిన నూనె వాసన ఎన్నిసార్లు సబ్బుతో కడిగినా పోలేదు.

గూస్‌నెక్స్ దగ్గర నది 300 మీటర్ల లోతున మెలికలు తిరుగుతుంది. రెండున్నర కిలోమీటర్ల దూరానికి దాదాపు పది కిలోమీటర్లు చుట్టాలి. పొద్దున ఎడమ చెంపను కాల్చిన ఎండ కాసేపటికే కుడి చెంప మీదికి వచ్చేది. అంత ఎండలోనూ అతుకులు విడలేదు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు నీరు విజయవాడ సింగ్ నగర్‌లోని మా ఇంట్లోకి వచ్చింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద నమోదైంది కానీ, మమ్మల్ని ముంచింది కృష్ణ కాదు, బుడమేరే. ఇంటి పత్రాలు, సర్టిఫికెట్లు, అమ్మ మందులు ఇందులో వేసి, కొంచెం గాలి ఉండనిచ్చి మూడు మడతలు వేశాను. ఛాతీ లోతు నీళ్లలో సంచి తేలుతూ నా వెనకే వచ్చింది. ఒక చేత్తో దాని పట్టీని, ఇంకో చేత్తో అమ్మను పట్టుకుని పడవ దాకా నడిచాను. విప్పి చూస్తే ఒక్క కాగితమూ తడవలేదు. ఆ రోజు దాన్ని కళ్లకద్దుకున్నాను.

లోపాలూ ఉన్నాయి. భుజం పట్టీ సన్నం, నిండుగా ఉంటే కోసుకుపోతుంది. అడుగున పట్టుకోవడానికి ఏమీ లేదు. మడతపడే చోట పూత తెల్లబారింది.

ఈ వానాకాలానికి ముందు గాలి నింపి తొట్టిలో ముంచి చూస్తే మడత దగ్గర ఒక బుడగ వచ్చింది. అతుకు వేశాను. బట్టలకు ఇంకా ఇదే వాడుతున్నాను. పత్రాల కోసం అలాంటిదే మరొకటి కొన్నాను, 20 లీటర్లది.