జాన్‌పహాడ్ సైదులు దర్గా: కందూరు చేసేవాళ్లకు పనికొచ్చే వివరాలు

కందూరు అంటే దర్గా దగ్గర యాటను (మేకనో గొర్రెనో) కోయించి, వండి, అందరికీ పెట్టే మొక్కు. ఈ దర్గా ఉన్నది ఇప్పుడు సూర్యాపేట జిల్లా పాలకీడు మండలంలో. 2016 దాకా నల్లగొండ జిల్లానే. ఇక్కడికి ముస్లింలు ఎంత భక్తితో వస్తారో హిందువులూ, తండాల నుంచి లంబాడాలూ అంతే భక్తితో వస్తారు. మన పల్లెల్లో సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి అన్న పేర్లు చాలావరకు ఈ సైదులుకు మొక్కుకుని పెట్టినవే.

రైల్లో వస్తే మిర్యాలగూడలో దిగి, నేరేడుచర్ల మీదుగా రావాలి. జనవరిలో జరిగే ఉర్సుకు, అంటే దర్గా ఏటా జరిపే ఉత్సవానికి, జనం విపరీతంగా వస్తారు. గంధం ఊరేగింపు చూడాలంటే అప్పుడే రావాలి గానీ, పసిపిల్లలతో, ముసలివాళ్లతో కందూరు పెట్టుకోవడానికి అది అదను కాదు. మామూలు రోజుల్లో శుక్రవారం రద్దీ.

సఫాయి బావి దగ్గర స్నానం చేసి, తలకు రుమాలు కట్టుకుని లోపలికి వెళ్లాలి. చాదర్ (సమాధి మీద కప్పే గుడ్డ), పూలు, ఊదు ముజావర్ (దర్గా చూసుకునే ఆయన) చేతికిస్తే సరిపోతుంది. హిందువులు నాగేంద్రుడి పుట్ట దగ్గర కూడా మొక్కుతారు.

అసలు పని కందూరు. యాటను హలాల్ చేయించాలి, సొంతంగా కోయకూడదు. వండాక ఫాతెహా (వంట ముందు పెట్టి చదివే ప్రార్థన) అయ్యేవరకు ఎవరూ రుచి చూడరు, ఉప్పు కోసమైనా సరే. పిల్లలకు వేరే టిఫిన్ తెచ్చుకోండి, ఎందుకంటే ఆలస్యం ఎక్కువగా ఇక్కడే అవుతుంది.

యాట బతికున్న బరువులో మాంసం సుమారు సగమే వస్తుంది. 20 కిలోల యాటకు దాదాపు 10 కిలోలు అనుకోండి. యాభై మందికి అది చాలు, బగారన్నానికి 6 కిలోల బియ్యం. కూర ముందు పొయ్యెక్కించాలి. అది సగం ఉడికాక బియ్యం నానబోస్తే రెండూ ఒకేసారి దిగుతాయి. కట్టెల పొయ్యి మీద బగారా అడుగంటేది చివర్లోనే. ఎసరు ఇగిరి బియ్యం పైకి తేలగానే కట్టెలు లాగేసి, కింద నిప్పులు మాత్రం ఉంచి, మూత మీద కొన్ని నిప్పులు వేయాలి. మంట అలాగే వదిలితే అడుగు మాడి, ఆ వాసన గిన్నె మొత్తానికీ ఎక్కుతుంది. ఆరుబయట గాలికి మంట పక్కకు పోతుంది కాబట్టి పొయ్యికి గాలి వచ్చే వైపు రేకు అడ్డం పెట్టండి. కట్టెలు ఎండినవేనా అని చూసుకోండి. పచ్చివి పొగ తప్ప సెగ ఇవ్వవు.

డేగిశాలు (పెద్ద వంటగిన్నెలు), కట్టెలు అద్దెకో కొనుక్కో తీసుకునేటప్పుడు, యాట కోసి శుభ్రం చేసే కూలితో సహా ధర ముందే తేల్చుకోండి. తాగునీళ్ల డబ్బాలు వెంట తేవడమే మంచిది. తిన్న విస్తర్లు, బొక్కలు గోనె సంచిలో కట్టండి. మన వెనకే ఇంకో కుటుంబం అదే చోట పొయ్యి పెడుతుంది, వాళ్లదీ మొక్కే.

మధ్యాహ్నానికి కందూరు అయిపోతే, కృష్ణా మూసీ కలిసే వాడపల్లి వెళ్లొచ్చు. అక్కడ శివాలయం, నరసింహస్వామి గుడి రెండూ ఉన్నాయి. మాంసం తిని గుడికి పోనివాళ్లు మాత్రం పొద్దున్నే ముందు వాడపల్లి చూసుకుని రావాలి.